నెత్తురులోని పసుపుపచ్చ పొర



వానలు పడి దోమలు ముసిరే రోజులొచ్చాయంటే మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ ఊళ్లలో ఒక మాట ఇంటింటా వినపడుతుంది. "ప్లేట్‌లెట్లు పడిపోయినయట." డెంగీ జ్వరాలు వచ్చినప్పటి నుంచి, బడి మొహం చూడని అవ్వకు కూడా ఆ మాట తెలుసు. లక్ష ఉన్నాయా, యాభై వేలకు వచ్చాయా, ఇరవై వేలకు దిగాయా అని బస్సులో పక్కసీటువాళ్లను కూడా అడుగుతారు. అవి పడిపోతే భయపడటం నేర్చుకున్నాం గానీ, ఒంట్లో నిండుగా ఉన్నప్పుడు అవి చేసే పనేమిటో తెలుసుకోలేదు. ఇవాళ ఆ పని గురించి చెప్పాలని వచ్చాను. నెలల తరబడి మానని పుండును మాన్పడానికి రోగి సొంత నెత్తురులోంచి ప్లేట్‌లెట్లను చిక్కగా తీసి, ఆ పుండుకే వాడే పద్ధతి ఒకటుంది. డాక్టర్లు దాన్ని పీఆర్పీ అంటారు. ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా అని దాని అర్థం.

నేను సర్జన్ని. నా పనిదినంలో ఎక్కువ భాగం కాలి పుండ్ల ముందే గడుస్తుంది. కాబట్టి పుండు దగ్గరి నుంచే మొదలుపెడతాను.

పెన్‌గంగ ఒడ్డు పల్లె నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి. పేరు చెప్పను. పత్తి ఏరుడు అయిపోయాక చేనులో కట్టె కొట్టేస్తారు కదా, నేలమీద బెత్తెడు మోడు మిగులుతుంది. ఏటవాలుగా తెగి, మొన తేలి ఉంటుంది. అటువంటి మోడు ఒకటి ఆయన రబ్బరు చెప్పును చీల్చుకుని కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు దిగింది. ఆయనకు తెలియలేదు. పొద్దుగూకినాక ఇంటికొచ్చి గడప దాటుతుంటే కోడలు కేక వేసింది, "మామా, నెత్తురు!" అని. వాకిట్లో అలుకు మీద ఒక్క కాలి ముద్రలే ఎర్రగా పడి ఉన్నాయి. "ఎవలకు తాకింది బిడ్డా?" అని ఆయనే అడిగాడట.

ఆయన అమాయకత్వంతో అన్న మాట కాదది. పదేళ్లుగా షుగర్ ఉంది, మందులు ఉంటే వేసుకోవడం, లేకపోతే మానేయడం. షుగర్ అదుపు తప్పి ఏళ్లు గడిస్తే కాళ్లకు పోయే నరాలు మొదట మొద్దుబారతాయి. ముల్లు గుచ్చినా, చెప్పు కొరికినా, నిప్పు తగిలినా కాలు కబురు పంపదు. మన ఆదిలాబాద్ చలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. చలికాలంలో తెల్లవారుజామున నెగడి దగ్గర కాళ్లు చాపుకొని కూర్చుని, అరికాలు కాలి బొబ్బలెక్కినా తెలియక, కట్టుకట్టించుకోవడానికి వచ్చేవాళ్లను ఏటేటా చూస్తాను. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. అందులో మన పల్లెలవాళ్లు ఎందరో.

ఆ రైతు నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు నెలలు దాటాయి. పసుపు పెట్టారు, ఆకు పసరు పోశారు, ఊళ్లో కట్టు కట్టించారు, రెండుసార్లు సూదులు వేయించారు. పుండు రూపాయి బిళ్లంత. చుట్టూ గట్టిపడిన తెల్లటి తోలు, నడుమ పాలిపోయిన గుంట. వాసన ఉంది, నొప్పి లేదు. బల్లమీద కూర్చుని ఆయన మొట్టమొదట అన్న మాట ఇది: "సారు, షుగరోనికి పుండు మానది అంటరు గదా. వేలు తీసేయున్రి. పనికి పోవాలె."

షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానదు అన్న మాట మన దగ్గర ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, డాక్టరు చెప్పకముందే వేలు పోగొట్టుకోవడానికి మనిషి సిద్ధపడి వస్తాడు. ఆ మాట తప్పు. అందుకే ముందు మామూలు గాయం ఎలా మానుతుందో చెప్తాను.

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. నెత్తురు కారుతుంది. ఆ నెత్తురులో ఎర్రకణాలుంటాయి, తెల్లకణాలుంటాయి, వాటితోపాటు ప్లేట్‌లెట్లుంటాయి. ఇవి నిండైన కణాలు కూడా కావు. ఎముక మూలుగలో ఉండే పెద్ద పెద్ద కణాల నుంచి తునకలుగా విడివడి వస్తాయి. మన ఒంట్లో రోజుకు సుమారు పదివేల కోట్లు కొత్తవి పుడతాయి. ఒక్కోటి వారం పది రోజులు బతుకుతుంది. చుక్క నెత్తురులో యాభయ్యో వంతు తీసుకుంటే, అందులో లక్షా యాభై వేల నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. డెంగీ రిపోర్టులో మీరు చూసే అంకె అదే. 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జూలియో బిజోజెరో అనే శాస్త్రవేత్త మైక్రోస్కోపు కింద వీటిని చూసి, నెత్తురు కారడాన్ని ఆపేవి ఇవేనని చెప్పాడు. తెగిన చోట ఇవి ఒకదానికొకటి అతుక్కుని అడ్డు కడతాయి.

ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వీటి పని అంతే అనుకున్నారు. 1974లో అమెరికాలో, సియాటిల్ నగరంలో రసెల్ రాస్ అనే శాస్త్రవేత్త తన తోటివాళ్లతో కలిసి ఒక పరీక్ష చేశాడు. గాజు పాత్రలో నెత్తురు నాళాల కండ కణాలను పెంచుతున్నారు. గడ్డకట్టిన నెత్తురు మీద తేరిన నీరు పోస్తే కణాలు పెరిగాయి. గడ్డకట్టకముందే ప్లేట్‌లెట్లను తీసేసి, మిగిలిన ద్రవం పోస్తే అంతగా పెరగలేదు. ప్లేట్‌లెట్లను కలపగానే మళ్లీ పెరుగుదల. అంటే గడ్డకట్టే సమయంలో ప్లేట్‌లెట్లు ఏదో విడుదల చేస్తున్నాయి, దాన్ని అందుకుని కణాలు పెరుగుతున్నాయి. తర్వాత ఆ పదార్థాలను ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. ఒకటి కండ కణాలను పిలుస్తుంది, ఒకటి కొత్త నెత్తురు నాళాలను మొలిపిస్తుంది, ఇంకొకటి పైతోలును ముందుకు పాకిస్తుంది. వీటిని డాక్టర్లు గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. ప్లేట్‌లెట్ల లోపల చిన్న చిన్న సంచుల్లో ఇవి సిద్ధంగా ఉంటాయి. గాయమైన చోట సంచులు పగిలి కబురు మొదలవుతుంది.

ఇప్పుడు ఆ రైతు పుండు దగ్గరికి రండి. నాలుగు నెలల కింద మోడు దిగినప్పుడు నెత్తురు కారింది, ప్లేట్‌లెట్లు వచ్చాయి, కబురు అందింది. కానీ ఆయన ప్రతిరోజూ అదే కాలు మోపి చేనులో నడిచాడు. మట్టి చేరింది, చీము పట్టింది, ఒంట్లో చక్కెర తగ్గలేదు. పుండు వాపు దశలోనే చిక్కుకుపోయింది. కొత్త కండ కట్టడానికి కావలసిన పదార్థాలను పుండులో చేరిన రసాలే కొరికేస్తాయి. పాతబడిన పుండులో తాజా నెత్తురు ఊరదు. నెత్తురు రానిచోట ప్లేట్‌లెట్లూ ఉండవు, కబురూ ఉండదు. పుండు చుట్టూ గట్టిపడిన తోలును, లోపలి చచ్చిన కండను మేము బ్లేడుతో గీకి తీసేటప్పుడు కాస్త ఎర్రటి నెత్తురు ఊరేదాకా తీస్తాం. పక్కనున్న ఇంటివాళ్లు "అయ్యో, మళ్ల నెత్తురు తెప్పిస్తున్నరు" అని బాధపడతారు. ఆ నెత్తురుతోనే పుండుకు మళ్లీ ప్లేట్‌లెట్లు అందుతాయి. పాత పుండు కొత్త గాయమవుతుంది. ఏ యంత్రమూ లేకుండా జరిగే ఈ పనిని ముందు సరిగ్గా చేయకపోతే, పీఆర్పీ ఎంత పెట్టినా వృథా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అది మన పక్క జిల్లాదే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగులకు ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్దమొత్తం దానమిచ్చింది రాజా నర్సాగౌడ్. ఊరు వెలివేసిన మనుషులు ఆ గేటు ముందుకు వచ్చేవారు. కుష్ఠు రోగి వేళ్లు అరిగిపోవడం చూసి, ఆ రోగానికి ఒళ్లే కుళ్లిపోతుందని లోకమంతా నమ్మిన కాలమది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది నిజం కాదని చూపించాడు. ఆ మనుషుల కండ మానే శక్తి కోల్పోలేదు. నొప్పి తెలియక పుండు మీదే నడుస్తున్నారు కాబట్టి మానడం లేదు. కాలికి విశ్రాంతినిచ్చేలా పిండికట్టు వేస్తే పుండు మానింది. మెత్తటి ప్రత్యేక రబ్బరుతో చెప్పులు చేసి ఇస్తే తిరిగి రాలేదు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి, అదే పాఠాన్ని షుగర్ రోగుల కాళ్లకు వర్తింపజేశాడు. ఇవాళ ప్రపంచమంతటా షుగర్ కాలికి వేసే కట్టుకు, చెప్పులకు మూలం మన దక్షిణ దేశపు కుష్ఠు వార్డుల్లో ఉంది. మొద్దుబారిన కాలు కుష్ఠుతో మొద్దుబారినా షుగర్‌తో మొద్దుబారినా కోరేది ఒకటే, దానిమీద బరువు మోపకపోవడం. ఈ మధ్య మన దేశపు చర్మవైద్యులు కుష్ఠు వల్ల మొద్దుబారిన కాళ్ల పుండ్లకు కూడా రోగి సొంత నెత్తురులోని ప్లేట్‌లెట్లను వాడి, చాలావరకు మానాయని రాశారు. డిచ్‌పల్లిలో ఆనాడు కట్లు మార్చినవాళ్లు ఉంటే ఆ మాట విని ఎంత సంతోషించేవాళ్లో అనిపిస్తుంది నాకు.

రైతుకు తిరిగి వస్తాను. ముందు పాదం మీద నాడి చూశాను. కొట్టుకుంటోంది, అంటే కాలికి నెత్తురు చేరుతోంది. అది చేరకపోతే మొదట నాళాల సంగతి చూడాలి, పీఆర్పీ మాట తర్వాత. ఎక్స్‌రే తీయించాను, ఎముకకు చీము పాకలేదు. మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పదకొండు శాతం దాటింది. ఇన్సులిన్ మొదలుపెట్టాం. పుండు గీకి శుభ్రం చేశాం. మోకాలి కింది నుంచి పాదం దాకా కట్టు వేసి, నాలుగు వారాలు కాలు నేల మోపొద్దన్నాను. అన్నిటికంటే కష్టమైన మందు ఇదే. "యాసంగి పనులున్నయి సారు, ఇంట్ల కూసుంటే ఎట్ల ఎల్లుతది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కొడుకు ముందుకొచ్చి, "నేను చూసుకుంట బాపూ" అన్నాడు. ఆ కొడుకు ఆ మాట అనకపోతే ఈ కథ వేరేలా ఉండేది. కాలి పుండు మానడంలో ఇంటివాళ్ల వంతు ఎంతో నా చదువు నాకు చెప్పలేదు, వార్డు చెప్పింది.

ప్రతి వారం పల్చటి ప్లాస్టిక్ కాగితం పుండు మీద పరిచి, పెన్నుతో అంచు గీసేవాళ్లం. నాలుగు వారాల్లో పుండు సగానికి సగం తగ్గితే, అది దానంతట అదే మానే దారిలో ఉన్నట్టు. ఆయన పుండు శుభ్రపడింది, కానీ మూడోవంతు కూడా తగ్గలేదు. అప్పుడు పీఆర్పీ గురించి చెప్పాను.

ఆ రోజు గుర్తుంది. ఆయన చేతి నరం నుంచి ఇరవై మిల్లీలీటర్ల నెత్తురు తీశాం, అంటే నాలుగు టీచెంచాలు. గడ్డకట్టకుండా సిట్రేట్ అనే మందు ముందే వేసిన గొట్టాల్లోకి తీశాం. ఒక్కో గొట్టం మీద ఆయన పేరు, నంబరు. వాటిని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాం. పాల డెయిరీలో పాలను గిర్రున తిప్పి మీగడను వేరుచేసే యంత్రం చూసే ఉంటారు, ఇదీ ఆ సూత్రమే. బరువైనది ఒకవైపు, తేలికది ఇంకోవైపు. ఆగాక గొట్టం బయటికి తీసి కిటికీ వెలుగుకు పట్టి ఆయనకు చూపించాను. అడుగున సగం దాకా దానిమ్మ రంగు ఎర్రకణాలు. వాటి మీద దారమంత సన్నటి తెల్లటి పొర. పైన నువ్వుల నూనెలా తేటగా, పసుపుపచ్చగా ప్లాస్మా. ఆయన కళ్లు పెద్దవి చేసి చూసి, "ఇది నా నెత్తురేనా సారు? నా నెత్తురుల పసుపు ఉన్నదా?" అన్నాడు. మొదట్లో పుండుకు ఇంట్లో పెట్టింది పసుపే మరి.

ఆ పసుపుపచ్చ ద్రవాన్ని, సన్నటి తెల్లపొరను కలిపి జాగ్రత్తగా పీల్చి ఇంకో గొట్టంలో వేసి, మరికాస్త వేగంగా తిప్పుతాం. ఈసారి ప్లేట్‌లెట్లు అడుగుకు దిగుతాయి. పైనున్న ద్రవం చాలావరకు తీసేసి, అడుగున మిగిలిన రెండు మూడు మిల్లీలీటర్లను మెల్లగా కదిలిస్తే, అదే మనకు కావలసింది. మామూలు నెత్తురులో ఉన్నదానికి మూడు నుంచి అయిదు రెట్లు ప్లేట్‌లెట్లు. చుక్కలో యాభయ్యో వంతుకు పది లక్షల దాకా. అందులో కొంత సన్న సూదితో పుండు అంచు చుట్టూ వేశాం. మిగిలినదానికి కాల్షియం మందు రెండు చుక్కలు కలిపితే కాసేపట్లో జున్నులా పేరుకుంది. ఆ జున్ను ముక్కను పుండు గుంటలో పరిచి, అంటుకోని కట్టు వేసి, పైన కాలి బరువు ఆపే కట్టు మళ్లీ వేశాం. మొత్తం గంట పని. వారానికి ఒకసారి.

మొదటి వారం కట్టు విప్పితే పెద్ద తేడా లేదు. రెండోసారి విప్పినప్పుడు గుంట అడుగున ఎర్రటి గింజల్లాంటి కొత్త కండ కనపడింది. గింజ గింజగా, తడిగా, నొక్కితే నెత్తురు చెమ్మ వచ్చేలా. మాకు అంతకంటే మంచి దృశ్యం ఉండదు. మూడో వారానికి గుంట పూడింది. తర్వాత అంచుల నుంచి లేత గులాబీ రంగు తోలు లోపలికి పాకడం మొదలుపెట్టింది.

ఇదంతా విని ప్రతి పుండుకూ ఇదే మందని అనుకోకండి. ఒక్క మనిషి కథ చెప్పి లోకమంతటికీ అదే జరుగుతుందనడం డాక్టరు చేయకూడని పని. అమెరికాలోని మిన్నెసోటాలో డాక్టర్ డేవిడ్ నైటన్, ప్లేట్‌లెట్ల నుంచి తీసిన పదార్థాన్ని మొండి పుండ్లకు వాడి 1986లో ప్రకటించాడు. మియామీలో రాబర్ట్ మార్క్స్ 1998లో దవడ ఎముక అతికించే ఆపరేషన్లలో పీఆర్పీ వాడాక దీని పేరు ఊరూరా పాకింది. కానీ గట్టి పరీక్షలు చాలా ఆలస్యంగా వచ్చాయి. 2016లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పది పరీక్షలను, 442 మంది రోగులను కలిపి చూసింది. షుగర్ కాలి పుండ్లు మానడానికి ఇది తోడ్పడవచ్చు, కానీ ఆధారం బలంగా లేదు అని చెప్పింది. కాలి పిక్క దగ్గర సిరలు ఉబ్బి వచ్చే పుండ్లకు పనిచేస్తుందో లేదో తేల్చలేమంది. సిరిసిల్లలో మరమగ్గాల ముందు రోజంతా నిలబడి పనిచేసే కార్మికులకు, చీలమండ దగ్గర వచ్చేవి చాలావరకు ఆ పుండ్లే. వాళ్లకు గట్టిగా చుట్టే సాగే బ్యాండేజీ, కాలు ఎత్తులో పెట్టుకోవడం, సిరకు చికిత్స ముందు. పీఆర్పీకి ఖర్చు పెట్టకముందు ఆ పని చేయించుకోండి.

బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో జరిగిన పెద్ద పరీక్ష ఒకదాని ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగు వారాల మంచి చికిత్స తర్వాత కూడా సగం తగ్గని షుగర్ పుండ్లనే తీసుకున్నారు, మన రైతు పుండు లాంటివే. ఒక జట్టుకు మామూలు మంచి చికిత్స. ఇంకో జట్టుకు దానితోపాటు సొంత నెత్తురు నుంచి తీసిన ప్లేట్‌లెట్లు, తెల్లకణాల పట్టీ. ఇరవై వారాల్లో పట్టీ పెట్టినవాళ్లలో నూటికి 34 మందికి పుండు మూసుకుంది. పెట్టనివాళ్లలో నూటికి 22 మందికి. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చూడండి. నూరు మందిలో పన్నెండు మందికి అదనంగా మానింది, అంటే పన్నెండు కాళ్లు. అదే సమయంలో పట్టీ పెట్టినా 66 మందికి ఆ గడువులో మానలేదు. నేను ఏ రోగికైనా ఈ రెండు మాటలూ కలిపే చెప్తాను. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ బీమా 2021 నుంచి మొండి షుగర్ పుండ్లకు పీఆర్పీ ఖర్చును ఇరవై వారాల దాకా భరిస్తోంది.

పీఆర్పీని అరిగిన మోకాళ్లకూ వేస్తారు, కానీ ఆ సంగతి వేరు. అది నా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తాను. మా మేనమామ ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేశాడు. వంగి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని గుజ్జు అరిగిపోయింది. ఒకచోట "నీ నెత్తురుతోనే గుజ్జు మళ్లీ పెంచుతం" అని చెప్పి ఆయనకు మూడు పీఆర్పీ సూదులు వేశారు. రిటైర్‌మెంటు డబ్బులోంచి పెద్దమొత్తం పోయింది. నాకు చెప్పలేదు, చెప్తే వద్దంటాననే. నొప్పి కొన్నాళ్లు తగ్గినట్టు అనిపించి మళ్లీ వచ్చింది. ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిగిన మంచి పరీక్ష ఒకదాని ఫలితాలు 2021లో వచ్చాయి. అరుగుదల మొదలైన మోకాళ్లలో కొందరికి పీఆర్పీ, కొందరికి ఉత్త ఉప్పునీరు ఎక్కించారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికి తెలియదు. ఏడాది తర్వాత నొప్పిలో గానీ, గుజ్జు పరిమాణంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ విషయంలో డాక్టర్లలో ఇంకా వాదన సాగుతోంది, కొన్ని చిన్న పరీక్షలు వేరేలా చెప్పాయి. అయినా గుజ్జు మళ్లీ పెరుగుతుందని మాట ఇచ్చి డబ్బు తీసుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. మా మామ కాళ్లకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, కొంత బరువు తగ్గడం ఎక్కువ మేలు చేశాయి. మోచేతి బయటివైపు నొప్పి, టెన్నిస్ ఎల్బో అంటారు, అది నెలల తరబడి తగ్గనివాళ్లకు నెదర్లాండ్స్‌లో వంద మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో ఏడాది గడిచాక స్టెరాయిడ్ సూది కంటే పీఆర్పీ మెరుగ్గా కనిపించింది.

సొంత నెత్తురే కదా, ప్రమాదమేముంది అని అడుగుతారు. నిజమే, సొంత నెత్తురు ఒంటికి పడకపోవడం ఉండదు. కానీ గొట్టం మారితే? సూది కొత్తది కాకపోతే? అమెరికాలోని న్యూ మెక్సికోలో అనుమతి లేని ఒక అందాల పార్లరులో ముఖానికి ఇలాంటి సూదులు వేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవి సోకిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. కాబట్టి సూది, గొట్టం మీ కళ్ల ముందే కవరు చించి తీయమనండి. గొట్టం మీద మీ పేరు రాశారో లేదో చూడండి. ఇలా అడిగితే మంచి డాక్టరు కోపగించుకోడు. నెత్తురును పల్చబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, పుండులో చీము పొంగుతున్నవాళ్లు, ఆ చోట క్యాన్సర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మన ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లు కూడా చెప్పాలి. ఇంకో అనుమానం తీరుస్తాను. డెంగీలో ఎక్కించే ప్లేట్‌లెట్లు దాత ఇచ్చినవి, సంచి నిండా ఉంటాయి, నరంలోకి ఎక్కిస్తారు. పీఆర్పీ అది కాదు. మీవే, రెండు మూడు మిల్లీలీటర్లు, పుండు దగ్గరే.

దీనికి వారం వారం ఆసుపత్రికి రావాలి. ఒకప్పుడు సిర్పూర్ నుంచో, ఉట్నూరు నుంచో పుండు కాలితో హైదరాబాద్ దాకా వారం వారం ఎవరు పోగలరు? రెండోసారికే మానేసేవాళ్లు. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ మెడికల్ కాలేజీ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రులన్నిటిలో పీఆర్పీ దొరుకుతుందని నేను చెప్పడం లేదు. పుండును గీకి శుభ్రం చేసే సర్జన్, నాడి చూసేవాళ్లు, ఇన్సులిన్, బస్సు దిగి నడిచే దూరంలోకి వచ్చాయని మాత్రం చెప్తున్నాను. పుండు వచ్చిన వారంలోనే అక్కడికి వెళ్తే, చాలామందికి పీఆర్పీ అవసరమే పడదు.

ఆ రైతుకు ఆరుసార్లు పీఆర్పీ పెట్టాం. పదకొండో వారంలో ప్లాస్టిక్ కాగితం మీద గీయడానికి పుండు అంచు మిగల్లేదు. ఫైలులోని ఆ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు పట్టుకుంటే, గీతలు ఒకదాని లోపల ఒకటిగా, బావిలోకి తొంగి చూసినట్టు కనపడ్డాయి. ఆయన కాసేపు వాటినే చూసి, "మా కోడలికి చూపెడత, ఇయ్యున్రి" అన్నాడు. నకళ్లు తీసి ఇచ్చాం. మెత్తటి రబ్బరు చెప్పులు కొలత ఇచ్చి చేయించాం. రోజూ రాత్రి కోడలు తన అరికాళ్లు చూస్తుందని, తనకు సిగ్గనిపిస్తుందని చెప్పాడు.

మరుసటి చలికాలం ఆయన మళ్లీ వచ్చాడు. ఎడమ మడమ మీద చిన్న బొబ్బ. నెగడి దగ్గర తగిలిందట. ఎన్నాళ్లయిందని అడిగాను. "నిన్న రాత్రి సారు. కోడలు చూసింది, పొద్దున మొదటి బస్సుకు ఎక్కిచ్చింది" అన్నాడు. శుభ్రం చేసి, కట్టు కట్టి పంపాం. ఎనిమిది రోజుల్లో మానింది.